శిశుసంరక్షణ సేవికలు ఏల నిలుతురు? ఏల విడుతురు?

మన గ్రామములలో పాఠశాల కంటె ముందుగా పసివాని నాహ్వానించు గది యొకటి కలదు. అది అంగన్‌వాడీ కేంద్రము. ఉదయము తొమ్మిది గంటలకు ఆ గది తలుపు తెరచి, ఇంటింటికిని పోయి మూడేండ్ల, నాలుగేండ్ల పిల్లలను చేయి పట్టుకొని తీసికొనివచ్చు స్త్రీని మన పాఠకులలో ఎరుగనివారుండరు. ఊరివారామెను టీచరమ్మ యందురు. ప్రభుత్వ మామెను కార్యకర్త యనును. ఆమెకు తోడుగా పొయ్యి వెలిగించి, అన్నము వండి, పిల్లల మూతులు తుడిచి, గిన్నెలు కడుగు నామెను ఆయా యందురు. ఈ యిద్దరును ఆ పనిలో ఏల నిలిచియున్నారు, నిలువలేనివారు ఏల విడిచిపోవుచున్నారు అను ప్రశ్నను మన పెద్దలు తీరికగా ఆలోచించుట యరుదు. సమ్మె వచ్చిననాడు నాలుగు దినములు మాటాడుకొందుము. సమ్మె తీరగానే మరచిపోదుము. కలకలము నడుమ చేయు విచారణకంటె, కోపతాపములు చల్లారిన పిమ్మట చేయు విచారణ మేలని మా యభిప్రాయము. కావుననే ఈ విషయమును నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

అంగన్ అనగా ముంగిలి. బడికి రాలేని బీదపిల్ల లున్నచోట, వారి ముంగిలికే బడిని తీసికొనిపోవలెనను భావము 1945 ప్రాంతమున మహారాష్ట్రమునందలి బోర్డీలో తారాబాయి మోదక్ గారికి కలిగినది. ఆమెయు, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ గారును ఆ పసివాండ్రకు మొదట స్నానము చేయించి, కడుపున కింత పెట్టి, పిమ్మట ఆటపాటలతో అక్షరము నేర్పిరి. ఆ పేరును, ఆ పద్ధతినే గ్రహించి భారత ప్రభుత్వము 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ఆరంభించినది. మొదట దేశమంతటను 33 ప్రాజెక్టులు మాత్రమే. కాలక్రమమున అది పెరిగి పెరిగి, 2006లో సుప్రీం కోర్టు 14 లక్షల కేంద్రములను నెలకొల్పవలెనని ఆజ్ఞాపించుదాక వచ్చినది. మన తెలుగుదేశమున ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రములు లెక్కకు వచ్చినవి. అనుబంధ పోషకాహారము, పూర్వప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్యపరీక్ష, రోగులైన వారిని వైద్యశాలకు పంపుట, తల్లులకు ఆరోగ్యబోధ అను ఆరు సేవలును ఈ పథకమునకు అంగములు. ఈ ఆరింటిలో ఏ యొకటియు ఆ గదిలో కూర్చున్న స్త్రీ లేక జరుగదు.

ఈ యేర్పాటునకు మూలమున నున్నది సేవాభావము. అది మన జాతీయోద్యమము ప్రసాదించిన భావము. మన రాజమహేంద్రవరమున జనించిన దుర్గాబాయి గారు ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయి, తరువాత 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. ఆ తరము స్త్రీలు వేతనము నడుగలేదు. అడుగవలసిన యవసరము వారిలో చాలమందికి లేకుండెను. ఇల్లు వారిని పోషించెను. వారు దేశమును సేవించిరి. వారి త్యాగమునకు మేము శిరస్సు వంచుచున్నాము. అయితే ఆ త్యాగమును మాదిరిగా చూపి, పూటకు గతిలేని మరియొక స్త్రీచేత దినమంతయు పని చేయించుకొని, ఇచ్చుచున్నది వేతనము కాదు, గౌరవభృతి యని పేరు పెట్టుట త్యాగమును గౌరవించుట యగునా? ఒకరి యిచ్ఛచే చేసిన దానిని మరియొకరిపై విధిగా మోపినచో అది సేవ కాదు. వెట్టికి దగ్గర చుట్టమగును. వెట్టి యననేమో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

అంకెలు చూతము. 1975లో మెట్రిక్యులేషన్ చదువని కార్యకర్తకు నెలకు 100 రూపాయలు, చదివినామెకు 150 రూపాయలు. 2018 అక్టోబరు నుండి కేంద్రము నిర్ణయించిన మొత్తము కార్యకర్తకు 4,500, ఆయాకు 2,250. దానిపై రాష్ట్రములు తమ శక్తికొలది చేర్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 అయినది. తెలంగాణలో 2021లో 13,650, 7,800 అయినది. ఈ 7,000 రూపాయలను నెలకు 26 పనిదినములకు పంచి చూడుడు. దినమునకు 269 రూపాయలు. 2023–24లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి కేంద్రము నిర్ణయించిన కూలి 272 రూపాయలు. మట్టి తవ్విన చేతికంటె పసిపిల్లకు అన్నము కలిపి పెట్టిన చేతికి మూడు రూపాయలు తక్కువ. మట్టిపని తక్కువదని మేమనుట లేదు. ఆ కూలియు చాలదు. అయితే పొలములు కలిగి, కూలిరేట్లు బాగుగా నెరిగిన మన పాఠకులు తమ చేలో నాట్లు వేయించుటకు ఈ ధరకు మనిషిని పిలిచి చూడవలెను. ఎవరైనను వత్తురా?

ఇట్టిచో ఈ స్త్రీ లేల నిలిచియున్నారు? మాకు తోచిన కారణములు మూడు.

మొదటిది నిర్బంధము. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పనికి స్త్రీ వివాహిత కావలెను, పదవ తరగతి చదివి యుండవలెను, ఆ యూరి నివాసిని కావలెను. నియమము మంచి యుద్దేశముతో చేసినదే. ఊరిభాష, ఊరి యిండ్లు, ఊరి కోడండ్ర మనస్సు ఎరిగినామె యైనచో పని చక్కగా సాగునని దాని తాత్పర్యము. కాని దాని రెండవ వైపు చూడుడు. చదువుకొని, పెండ్లియై, అత్తవారి యూరు చేరిన స్త్రీకి ఇల్లు విడువకుండ చేయదగిన ఉద్యోగము ఆ యూర మరియొకటి యుండదు. పట్టణమునకు పోవలెనన్న బిడ్డలు, అత్తమామలు, పశువులు. కావున ఆమె ఈ పనిలో నిలుచును. ఆ నిలుకడను సంతృప్తి యని ప్రభుత్వము వ్రాసికొనును. కట్టుకొయ్యకు కట్టిన యావు కదలకుండుట మేత బాగున్నందువలన నని యనుకొన్నట్లే యున్నది ఈ తలంపు.

రెండవది యాశ. నేడో రేపో తమ్ము ఉద్యోగులుగా గుర్తింతురు, జీతము స్థిరమగును, ముసలితనమున పింఛను వచ్చును అను నాశతో ఇరువది, ముప్పది యేండ్లు గడపినవారు వేలకొలది కలరు. 2013లో భారత కార్మిక మహాసభ పథకములలో పనిచేయు వారిని కార్మికులుగా గుర్తింపవలెనని సిఫారసు చేసినది. ఆనాడు వెలిగిన యాశ యింకను ఆరలేదు, తీరనులేదు. పది సంవత్సరములు పనిచేసిన పిమ్మట విడుచుట కష్టము. విడిచినచో పదేండ్ల సేవయు నీటిపై వ్రాసిన వ్రాత యగును. ఇంకొక యేడు చూతమని ఆగుదురు. ఆ యేడు మరల యేడగును.

మూడవది ప్రేమ. దీనిని మేము చివర చెప్పినను, విలువలో మొదటిది. కృష్ణా డెల్టాలో ఒక గ్రామమునకు పోయినప్పుడు, ఇరువదినాలుగు సంవత్సరములుగా అచట పనిచేయుచున్న ఒక కార్యకర్తను, అమ్మా, ఇన్ని కష్టములున్నవి గదా, ఏల విడువలేదు అని అడిగితిమి. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. అప్పుడే ఒక బాలింత బిడ్డను తూకమునకు తెచ్చినది. ఆమె బిడ్డను తూచి, చీటిపై వ్రాసి, ఆ తల్లిని చూపి, అయ్యా, ఈ పిల్లకు నేనే కదా ఓనమాలు దిద్దించినది, ఇప్పుడు దాని బిడ్డను నేనే తూచుచున్నాను, వీరిని ఎవరికి అప్పగించి పోవలెను అన్నది. ఆ మాటకు మావద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. వీధిలో పోవుచుండగా పెరిగి పెద్దవారైన పిల్లలు టీచరమ్మా యని నమస్కరించుట ఆమెకు నెలజీతముకంటె మిన్న. 2020లో మహమ్మారి వచ్చి కేంద్రములు మూసినప్పుడు బియ్యము, పప్పు, గ్రుడ్లు నెత్తికెత్తుకొని గడపగడపకును పోయి యిచ్చినవారు ఈ స్త్రీలే. ఆ ప్రేమయే ఈ పథకమునకు మూలధనము. దీనికి ప్రభుత్వపు పద్దులలో లెక్క లేదు. కాని ప్రభుత్వము దినదినమును ఖర్చు పెట్టుచున్నది దీనినే.

ఇక విడుచుట సంగతి. రాజీనామా పత్రములను లెక్కించి, విడుచువారు కొద్దిమందియే యని చెప్పుట సులభము. కాని విడుచుట మూడు విధములని మేమెంచుచున్నాము. యౌవనమందుండి, చదువుకొని, వేరొక చోట పని దొరకిన స్త్రీ పత్రము వ్రాసియిచ్చి పోవును. అది కంటికి కనబడు విడుపు. చురుకైన మరియొక స్త్రీ ఈ పని సంగతి విని యసలు దరఖాస్తే పెట్టదు. అది కంటికి కనబడని విడుపు. మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. మనిషి కుర్చీలోనే యుండును, మనస్సు లేచిపోవును. రాని పిల్లకు హాజరు పడును. తూచని బిడ్డకు తూకము పడును. పుస్తకము నిండును, పళ్లెము నిండదు. ఇట్టి కేంద్రములు లేవని యెవరును చెప్పజాలరు. ఆ తప్పును మేము సమర్థించుట లేదు. కాని తప్పు పుట్టిన చోటును చూపక మానము.

ఆ చోటు ఎక్కడ? మొదట, అనుభవమునకు విలువ లేకుండుటలో. 11,500 అని నిర్ణయించిననాడు ముప్పదియేండ్లు పనిచేసినామెకును, నిన్న చేరినామెకును అదే మొత్తము. ఏండ్లు గడచినకొలది నేర్పు పెరుగునే గాని రాబడి పెరుగదు. మన యింట పాలేరుకు సైతము ఏడాది కేడాది ఇంత యని పెంచుట మనకు వాడుకయే గదా!

రెండవది, చేతి నుండి పెట్టుబడి. అద్దె గదులలో నడచు కేంద్రములు మన రాష్ట్రములలో నింకను కలవు. ఆ యద్దె, కూరగాయల బిల్లు, గ్యాసు బిల్లు మంజూరై వచ్చుటకు నెలలు పట్టుచున్నవని కార్యకర్తలు మొరపెట్టుట మన మెప్పుడును వినుచున్నదే. ఇంటి యజమాని ఆగడు, కూరలమ్మునామె ఆగదు, పిల్లల యాకలి మొదలే యాగదు. కావున ఆమె తన చేతిడబ్బు పెట్టును, లేనిచో అప్పు తెచ్చును. సర్కారునకు అప్పిచ్చునంతటి ధనికురాలా ఆ టీచరమ్మ?

మూడవది, వ్రాత. ఒక్కొక్క కేంద్రమునకు పదునొకండు రిజిస్టర్లు ఏర్పరచిరి. 2021లో పోషణ్ ట్రాకర్ అను ఫోను పద్ధతి వచ్చినది. వ్రాత తగ్గునని యాశించిరి. అనేక చోట్ల పుస్తకమును, ఫోనును రెండును మోయవలసి వచ్చినది. గిరిజన గ్రామములలో ఫోనునకు సిగ్నలు కొరకు గుట్ట యెక్కవలెను. ఇవి చాలవన్నట్లు వోటర్ల జాబితా పని, పోలియో చుక్కల పని, ఏ సర్వే వచ్చినను ఆ సర్వే పని. ఏ శాఖకు మనిషి కావలసినను మొదట గుర్తుకు వచ్చునది అంగన్‌వాడీ కార్యకర్తయే. ఆ యన్యకార్యములు చేయుచున్న గంటలలో పిల్లల నెవరు చూతురని అడుగువారు లేరు.

నాలుగవది, అవమానము. దీనిని గురించి మన పాఠకులతోనే సూటిగా మాటాడవలసి యున్నది. కొన్ని గ్రామములలో ఈ పదవి యిప్పించినవారు ఆమెను తమ యింటి మనిషిగా చూతురు. పార్టీ మారిననాడు, సర్పంచి మారిననాడు ఆమెపై ఫిర్యాదు బయలుదేరును. సభకు జనము తక్కువైన ఆమెను పిలుతురు. పై యధికారి వచ్చి, పదిమంది తల్లుల యెదుట ఆమెను ఏకవచనమున పలుకును. బిడ్డల కన్నము పెట్టు స్త్రీని ఆ బిడ్డల యెదుటనే చులకన చేసినచో రేపు ఆ బిడ్డలు ఆమె మాట విందురా? జీతము తక్కువైనచో సహించి నిలిచినవారిని మేమెరుగుదుము. మర్యాద పోయిననాడు నిలిచినవా రరుదు.

అయిదవది, రిక్తహస్తములతో ఇంటికి పోవుట. పని చేయగలిగినన్ని నాళ్లు చేయించుకొని, ఒంట శక్తి యుడిగిననాడు కొలదిపాటి సొమ్ము చేతబెట్టి సాగనంపుట యెంతటి ధర్మము? చట్టము ఈ విషయమున ఏమనుచున్నదో చూతము. 2006లో సుప్రీం కోర్టు అమీర్‌బీ కేసులో, ఈ కార్యకర్తలు సర్కారు సివిలు పదవులలో నున్నవారు కారని తీర్పు చెప్పినది. ఆ తరువాత 2013లో జాతీయ ఆహారభద్రతా చట్టము వచ్చి, పసిబిడ్డకును, గర్భిణికిని, బాలింతకును పోషకాహారమును హక్కుగా చేసినది. 2022 ఏప్రిల్ 25వ తేదీన అదే సుప్రీం కోర్టు గుజరాతు కార్యకర్తల వ్యాజ్యమున, వీరు చేయుచున్నది ఆ చట్టము విధించిన పనియే. వీరికిచ్చుచున్న గౌరవభృతి వేతనమే. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము వీరికి వర్తించును అని తీర్పు చెప్పినది. పేరు ఏది పెట్టినను పని పనియే, కూలి కూలియే యను నీ న్యాయమును గ్రహించుటకు మనకు నలుబదియేడు సంవత్సరములు పట్టినది.

2023 సెప్టెంబరులో తెలంగాణలోను, అదే సంవత్సరము డిసెంబరు 12వ తేదీ మొదలు ఆంధ్రప్రదేశ్‌లోను వీరు సమ్మె చేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో సమ్మె 42 దినములు సాగినది. కేంద్రముల తాళములు పగులగొట్టించి, సచివాలయ సిబ్బందిచేత నడిపింప ప్రభుత్వము ప్రయత్నించినది. 2024 జనవరి 6వ తేదీన అత్యవసర సేవల చట్టమును ప్రయోగించి సమ్మెను నిషేధించినది. ఈ యుత్తర్వులో ఒక వింత కలదు. దానిని పాఠకులు గమనింపవలెను. వేతన మడిగిననాడు ఈ పని గౌరవసేవ, పూర్తికాలపు ఉద్యోగము కాదు. పని మానిననాడు అదే పని, లేకున్న లోకము సాగని అత్యవసర సేవ! ఒకే పని ఉదయము ఐచ్ఛికము, సాయంకాలము అత్యవసరము ఎట్లగును? అత్యవసరమన్నది సత్యమే. అట్లైనచో ఆ యత్యవసరమునకు తగిన మూల్యము చెల్లింపవలెను. అమ్మ పెట్టదు, అడుక్కొని తిననీయదు అను సామెత ఇచ్చట అక్షరాల సరిపోవుచున్నది.

సమ్మెవలన పిల్లలు నష్టపోయిరి గదా యని కొందరనిరి. నిజము. నలుబది రెండు దినములు కేంద్రములు సరిగా నడువనిచో, ఇంట కడుపునిండ తిండిలేని బిడ్డకు అది చిన్న నష్టము కాదు. సమ్మె చేసిన స్త్రీలకును ఈ సంగతి తెలియును. వారి బాధలో అదియు నొక భాగము. కాని ఆ నష్టమును చూచి కన్నీరు కార్చినవారు, మంచి కార్యకర్త విసిగి పోయినచోట, ఖాళీ నింపక మాసముల కొలది ప్రక్క కేంద్రమునకే అప్పగించినచోట పిల్లలు పొందు నష్టమును చూచి ఏల మాటాడలేదు? సమ్మె నలుబది రెండు దినములలో ముగిసినది. ఈ రెండవ నష్టము నిశ్శబ్దముగా ఏండ్ల తరబడి సాగును.

ఈ నష్టమెట్టిదో విశదపరతుము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన యెత్తు ఎదుగనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31, తెలంగాణలో నూటికి 33. ఆరు మాసములు దాటి అయిదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63, తెలంగాణలో నూటికి 70. అన్నపూర్ణ యని పొగడ్త గన్న డెల్టా కలిగిన దేశమున, మూడు పంటల భూములు కలిగిన దేశమున, ఇది మనకు తలవంపు. ఈ దుఃస్థితికి విరుగుడు గ్రుడ్డు, పాలు, బాలామృతము మాత్రమే కాదు. ఏ బిడ్డ రెండు నెలలుగా తూకము పెరుగలేదో, ఏ యింట అత్త కోడలికి పూట తప్పించుచున్నదో, ఏ తండ్రి సంపాదన సారాయంగడికి పోవుచున్నదో ఎరిగిన మనిషి కావలెను. ఆ యెరుక రిజిస్టరులో నుండదు. ఏండ్ల తరబడి ఆ వీధులు తిరిగినామె మనస్సులో నుండును. ఆమె విడిచిపోయిననాడు ఆ యెరుక యంతయు ఆమెతోనే పోవును. క్రొత్తగా వచ్చినామె మరల మొదటినుండి నేర్చుకొనవలెను. ఆలోపుగా బిడ్డకు మూడేండ్లు నిండును. మొక్కై వంగనిది మానై వంగదందురు. మొక్కగా నెదుగనిది మానై యెదుగునా?

ఖజానాలో ధనము లేదని ప్రభుత్వములు చెప్పును. ధనము పరిమితమని మేమును ఒప్పుకొందుము. కాని పథకములకు పేర్లు మార్చుటకు, గోడలకు రంగులు మార్చుటకు లేని కొరత సేవికల జీతమునాడే కనబడుట చిత్రము. పొరుగున తమిళనాడు ఈ కార్యకర్తలకు ప్రత్యేక వేతనశ్రేణిని ఏర్పరచి, విరమణానంతరము కొంత పింఛనును కల్పించినది. అది సంపూర్ణ న్యాయమని మేమనము. కాని చేయదలచినచో మార్గము కలదని దానివలన తెలియుచున్నది.

మా సూచనలు క్లుప్తముగ నివి. సేవాకాలమును బట్టి పెరుగు వేతనశ్రేణిని నిర్ణయింపవలెను. నెల మొదటివారమున జీతమును, ముందుగానే అద్దె, వంట ఖర్చులను ఇయ్యవలెను. ఫోను ఉన్నచోట పుస్తకము, పుస్తక మున్నచోట ఫోను, రెండింటిలో ఒకటి మానిపింపవలెను. అన్యశాఖల పనులనుండి వీరిని విముక్తులను చేయవలెను. 2022 తీర్పు ననుసరించి గ్రాట్యుటీని అర్జీ లేకయే చెల్లింపవలెను. సూపర్‌వైజరు పదవులలో అనుభవజ్ఞులైన కార్యకర్తలకు తగిన భాగము కాలహరణము లేకుండ నీయవలెను. నియామకములను స్థానిక నాయకుల చేతినుండి తప్పించి, యోగ్యతను బట్టి జరుపవలెను. ఇందుకు ప్రతిగా, తూచని బిడ్డకు తూకము వ్రాసిన కార్యకర్తను నిర్దాక్షిణ్యముగ శిక్షించు హక్కు ప్రభుత్వమునకు కలుగును. నేడిచ్చు భృతితో ఆ హక్కు సగమే కలదు.

ప్రభుత్వము చేయవలసినది చెప్పితిమి. అంతటితో మన బాధ్యత తీరదు. ఈ పత్రికను చదువు భూస్వాములలో, వర్తకులలో, న్యాయవాదులలో తమ గ్రామమునందలి కేంద్రపు గడప త్రొక్కినవారెందరు? ఊరి దేవాలయమునకు గోపురము కట్టించు చేతులు, కల్యాణమండపమునకు లక్షలు చందా వ్రాయు చేతులు, ఆ గదికొక నీటికుళాయి, ఒక మరుగుదొడ్డి, కారని పైకప్పు నీయలేవా? గ్రామమునందు రెండు సెంట్ల స్థల మిచ్చినవాని పేరు మూడు తరములు చెప్పుకొందురు. ధన మీయలేనివారు మర్యాదయైనను ఈయవచ్చును. ఆమెను మీరు అని పిలుచుటకు ఏ బడ్జెట్టును అక్కరలేదు. గ్రామసభలో ఆమెను ముందువరుసలో కూర్చుండబెట్టి, మన పిల్లల సంగతి యేమి అని ఒక్కసారి యడిగిన చాలును. ఆమె యొక సంవత్సరపు శ్రమను మరచిపోవును.

మన పిల్లలు పట్టణమున కాన్వెంటు బడులకు పోవుచున్నారు గదా, ఈ గదితో మనకేమి యను తలంపు కొందరికి కలుగవచ్చును. అది పొరపాటు. రేపు మన పొలము దున్నువాడు, మన మిల్లు నడుపువాడు, మన యాసుపత్రిలో నర్సుగా నిలుచునామె, మన వోటును లెక్కించువాడు, వీరందరును నేడు ఆ గదిలో చాపపై కూర్చున్నవారే. వారి యెముక బలము, వారి బుద్ధి బలము రేపటి ఈ దేశపు బలము.

ఈ స్త్రీలు నిలుచుట వారి దయ. నిలుపుకొనుట మన ధర్మము. ఇన్నాళ్లు వారి దయపై బ్రతికితిమి. దయకును ఒక మేర కలదు. ఆ మేర దాటక పూర్వమే మన ధర్మమును మనము గుర్తింతుముగాక యని మా ప్రార్థన.